సావేజ్ 110

సావేజ్ 110 అమెరికాకు చెందిన సావేజ్ ఆర్మ్స్ సంస్థ తయారుచేసే బోల్టు తరహా రైఫిలు. నికొలస్ బ్రూవర్ రూపొందించిన ఈ రైఫిలు 1958లో విపణిలోకి వచ్చింది. తక్కువ ఖర్చుతో దూరపు లక్ష్యాలను గురిచూసి కొట్టే క్రీడను ప్రారంభించదలచిన వారు తరచుగా దీనిని ఎన్నుకొంటారు. చూపులకు నాజూకైన తుపాకి కాదు.

==నిర్మాణం==
సాధారణంగా బోల్టు ముఖానికీ తూటా గదికీ మధ్య ఉండవలసిన ఎడాన్ని నిపుణుడైన పనివాడు లోహాన్ని కొద్దికొద్దిగా కోస్తూ సరిచేయవలసి ఉంటుంది. ఈ రైఫిలులో గొట్టాన్ని మరలపై తిప్పి, గేజీతో ఆ ఎడాన్ని సరిచూసి, పెద్ద నట్టుతో బిగిస్తారు. దీని చవకదనానికి ముఖ్య కారణం ఇదే. అరిగిన గొట్టాన్ని తగిన పనిముట్లున్న యజమాని కూడా మార్చుకొనగలడు. బోల్టు తల విడి భాగం కావడం వలన కొద్దిగా కదిలి, రెండు పట్టులపైనా ఒత్తిడి సమానంగా పడుతుంది. 2000ల తొలినాళ్ళలో వచ్చిన ఆక్యుట్రిగ్గరు బిగువును వాడుకరి స్వయంగా మార్చుకొనవచ్చును.

==ఎంపిక==
వేటకు ఉద్దేశించిన సన్నని గొట్టం త్వరగా వేడెక్కుతుంది; వరుసగా కాల్చే పోటీలకు బరువైన గొట్టమే తగినది. ఎఫ్-క్లాస్ పోటీలలోని ఎఫ్-టీఆర్ విభాగంలో .223 రెమింగ్టన్, .308 విన్‌చెస్టర్ తూటాలనే అనుమతిస్తారు. రైఫిలు బరువు దూరదర్శిని, ఊతకాళ్ళతో కలిపి 8.25 కిలోలు మించరాదు. 1000 గజాల (914 మీటర్ల) దూరంలో ఒక్క నిమిషం కోణపు తేడా సుమారు 27 సెంటీమీటర్లు అవుతుంది. కాబట్టి రైఫిలుపై మిగిల్చిన సొమ్ము చాలావరకు మంచి దూరదర్శినికీ, అభ్యాసపు తూటాలకూ ఖర్చవుతుంది.