మీట ఎవరి చేతిలో?

పాతికేళ్లు ఒంటిచేత్తో సంసారం నెట్టుకొచ్చిన అత్తగారితో కొత్త కోడలు మాట కలపాలంటే ఎంత ఓర్పు కావాలి! చిట్కుల్‌లోని ఓ మందుల ఫ్యాక్టరీలో నాది ఇంచుమించు ఆ రాయబారమే. రియాక్టర్ వేడిని అదుపుచేసే పీఎల్‌సీ బాగా పాతది. దానికొచ్చిన భాష ఒక్కటే, 1979లో పుట్టిన మోడ్‌బస్. అదీ సీరియల్ వైరు మీద. ఆఫీసు కంప్యూటర్లదేమో ఈథర్‌నెట్. గంటగంటకూ రిజిస్టర్లో రాసే అంకెలు ఆఫీసులోనూ కనబడాలంటే మధ్యలో గేట్‌వే అనే చిన్న డబ్బా పెట్టాలి. అదే దుబాసీ అన్నమాట.

డబ్బా బిగించడం ఒక పూట పని. తగువంతా తర్వాతే. "ఇంట్లోంచే ఫోన్లో వేడి తగ్గించేలా, పెంచేలా కూడా చెయ్యండి మేడమ్" అన్నారు మేనేజరుగారు. నేను ఒప్పుకోలేదు. ఎందుకంటారా? ఆ పాత మోడ్‌బస్‌కు పాస్‌వర్డంటూ లేదు. ఎవరు చెప్పారని అడగదు, చెప్పింది చేసేస్తుంది. రాత్రి షిఫ్టులో రియాక్టర్ పక్కన నిలబడేది ఆపరేటర్ అన్న కదా! 2010లో బయటపడ్డ స్టక్స్‌నెట్ వైరస్, బయటి నెట్‌వర్కుతో సంబంధమే లేని ఇరాన్ అణుకేంద్రంలోకి కూడా దూరి యంత్రాలను పాడుచేసింది. ఇక మనమే తలుపు తీసిపెడితే?

చివరికి మధ్యలో ఫైర్‌వాల్ పెట్టించి, అంకెలు చూడ్డానికే తప్ప మార్చడానికి వీల్లేకుండా చేశాను. మేనేజరుగారు నెల్లాళ్లు ముభావంగానే ఉన్నారు లెండి. ఆపరేటర్ అన్న మాత్రం, "మంచి పని చేసిన్రు మేడం, మీట నా చేతులనే ఉండాలె" అన్నాడు.