ఇంటి పెద్దల సేవ: ఎవరి బాధ్యత, ఎవరి ఖర్చు?

ప్రతి సంవత్సరం మా మదర్సా విద్యార్థులకు బనీ ఇస్రాయీల్ సూరాలోని 23, 24 ఆయతులను బోధిస్తుంటాను. వృద్ధులైన తల్లిదండ్రుల ముందు విసుగుతో 'ఉఫ్' అని కూడా అనరాదనీ, వారి ఎదుట కారుణ్యంతో, వినమ్రతతో మెలగాలనీ ఆ ఆయతుల భావం. పాతికేళ్ళకు పైగా చెబుతున్న ఆ పాఠం నాకే పూర్తిగా అర్థం కాలేదని రెండేళ్ళ క్రితం తెలిసివచ్చింది.

మా అమ్మగారికి 78 ఏళ్ళు. స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ జరిగింది కానీ నడక తిరిగి రాలేదు. సేవాభారమంతా నా భార్య మీద పడింది. ఆరు నెలలు తిరగకముందే ఆమెకు నడుము నొప్పి పట్టుకుంది. అయినా బయటి మనిషిని పెట్టుకుందామన్న మాటను నేనే త్రోసిపుచ్చాను. "మౌల్వీసాబ్ తల్లిని జీతపు మనిషికి అప్పగించాడు" అని నలుగురూ అంటారేమోనన్న భయం నాది.

ఆ వేసవిలో అమ్మకు మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చింది. నీళ్ళు తక్కువగా తాగుతున్నారా అని వైద్యురాలు అడిగింది. అమ్మ తల వంచుకుని, "రాత్రిపూట కోడలిని లేపవలసి వస్తుందని మగ్రిబ్ తర్వాత నీళ్ళు తాగడం మానేశాను" అన్నారు. మా ఇంట్లో ఎవరూ 'ఉఫ్' అనలేదు. అయినా ఆ మాట అమ్మకు వినిపించింది.

బాధ్యత ఎవరిది?

ఇక్కడ ఒక విషయం స్పష్టం చేసుకోవాలి. తల్లిదండ్రుల పోషణ వారి సంతానంపై విధి. కోడలు అత్తమామలకు చేసే సేవ గొప్ప పుణ్యకార్యం. అయితే అది ఆమె ఔదార్యమే తప్ప, భర్త తన విధిని ఆమె భుజాలపై మోపి తాను తప్పుకోవడానికి షరీఅత్‌లో ఆధారం లేదు. ఆరోగ్యం చెడేవరకు ఆమెతో పని చేయించడం అన్యాయమే అవుతుంది.

హనఫీ ఫిఖహ్ ప్రకారం తల్లిదండ్రులకు సొంత ఆస్తి, ఆదాయం ఉంటే ఖర్చు ముందుగా అందులోంచే జరగాలి. అది లేకుంటే, చాలకుంటే స్తోమత గల కొడుకులూ కూతుళ్ళూ భరించాలి. వారికి సేవకుల అవసరం ఏర్పడితే ఆ జీతం కూడా పోషణలో భాగమే.

మా అన్నగారు దమ్మామ్ నుండి ఫోన్ చేసి, "నా వంతు జకాత్ సొమ్ములోంచి పంపవచ్చా?" అని అడిగారు. పంపరాదు. తల్లిదండ్రులకు, తాతామామ్మలకు జకాత్ చెల్లదు. వారి పోషణ మనపై ఉన్న బాధ్యత. జకాత్‌తో ఆ బాధ్యత తీర్చుకుంటే మన సొమ్మును మనమే మిగుల్చుకున్నట్లవుతుంది.

మనిషి దొరికిన విధం

మొదట పట్టణంలోని ఒక ఏజెన్సీని ఆశ్రయించాము. రాత్రింబవళ్ళు ఉండే మనిషికి నెలకు 20,000 రూపాయలు, ఒక నెల అడ్వాన్సు అన్నారు. వచ్చిన అమ్మాయి తొమ్మిదో రోజున వెళ్ళిపోయింది. మరొకరిని పంపలేదు, అడ్వాన్సూ తిరిగి రాలేదు. మనిషి మానేస్తే ఏమిటన్నది ముందే కాగితంపై వ్రాయించుకోకపోవడం మా తప్పు.

తర్వాత మా వీధిలోని ఒక రిటైర్డు నర్సమ్మ తనకు తెలిసిన ఒక వితంతువును చూపించింది. ఆమె ముస్లిం కాదు. బంధువులలో ఒకరు సందేహం వ్యక్తం చేశారు. హిజ్రత్ ప్రయాణంలో దైవప్రవక్త (స) జీతమిచ్చి నియమించుకున్న మార్గదర్శి అప్పటికి ముస్లిం కాదని వారికి గుర్తు చేశాను. చూడవలసింది నిజాయితీ, పనితనం. స్త్రీకి స్త్రీ, పురుషునికి పురుషుడు సేవ చేయడం మాత్రం తప్పక పాటించవలసిన మర్యాద.

ఇజారా ఒప్పందంలో పని, సమయం, వేతనం ముందే స్పష్టం కావాలి. ఆ విధంగానే వ్రాసుకున్నాము: రాత్రి 9 నుండి ఉదయం 6 వరకు పని, 9,000 రూపాయల జీతం, నెలకు నాలుగు రాత్రులు సెలవు. పడక అమ్మ గదిలోనే. ఆమె ఉన్నంతసేపు ఇంటి పురుషులు తలుపు తట్టి, అనుమతి పొందాకే లోపలికి వెళ్ళాలి. కూలివాని చెమట ఆరకముందే వేతనం చెల్లించమన్న ప్రవక్త (స) ఉపదేశం ప్రకారం జీతం నెల చివరి రోజునే ఇస్తాము.

డైపర్లు, మందులతో కలిపి నెలకు సుమారు 12,000 అవుతుంది. అమ్మ పేరిట ఉన్న చిన్న దుకాణం అద్దె 4,000. అన్నగారు 4,500, నేను 2,500, కుట్టుపని చేసుకునే మా చెల్లెలు పట్టుబట్టి 1,000 ఇస్తున్నాము. ఆటో నడిపే తమ్ముడికి ఇచ్చే స్తోమత లేదు. ఆసుపత్రి ప్రయాణాలన్నీ అతనివే. సెలవు రాత్రులలో చెల్లెలు వచ్చి పడుకుంటుంది. పగటి పని నా భార్య, మా అమ్మాయి పంచుకుంటారు. లెక్క ఒక పుస్తకంలో అందరికీ కనబడేలా వ్రాస్తాము. దానివల్ల అనుమానాలకు తావు లేకుండా పోయింది.

తెలుసుకోవలసినవి

70 ఏళ్ళు దాటినవారికి ఆయుష్మాన్ భారత్ ద్వారా ఏడాదికి 5 లక్షల వరకు ఆసుపత్రి చికిత్స లభిస్తుంది. ఇంటివద్ద సేవకుల జీతం అందులో రాదు. ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య పింఛను నెలకు 4,000 రూపాయలు. పక్షవాతం వంటి కారణాలతో పూర్తిగా మంచానికే పరిమితమైన అర్హులకు 15,000 ఇస్తున్నారు. సంతానం పట్టించుకోనప్పుడు 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం క్రింద ట్రిబ్యునల్‌ను ఆశ్రయించవచ్చు. వృద్ధుల సహాయవాణి నంబరు 14567.

నమాజు విషయంలోనూ నిరాశ పడనవసరం లేదు. నిలబడలేనివారు కూర్చుని, కూర్చోలేనివారు పడుకుని సైగలతో చేయవచ్చు. మూత్రం గొట్టం ఉన్నవారు మాజూర్‌గా పరిగణించబడతారు. ప్రతి నమాజు వేళకు ఒక వజూ వారికి సరిపోతుంది.

ఆ సోదరి ఇప్పుడు ఫజ్ర్‌కు ముందు అమ్మ చేతులపై నీళ్ళు పోసి వజూ చేయిస్తుంది. ఏ అవయవం తర్వాత ఏదో ఆమె నేర్చుకుంది. అమ్మ ఆమెను "బిడ్డా" అని పిలుస్తారు. పడక ప్రక్కన నీళ్ళ చెంబు ఉంటుంది, తెల్లవారేసరికి అది ఖాళీ అవుతుంది.

మీ ఇంటి పెద్దలు రాత్రిపూట దాహం వేసినప్పుడు నీళ్ళు తాగుతున్నారా? ఈ రోజే అడిగి చూడండి. మన తల్లిదండ్రులు మనల్ని చూసి సంకోచపడే పరిస్థితి రాకుండా అల్లాహ్ మనకు సద్బుద్ధిని ప్రసాదించుగాక! ఆమీన్.