నయా ఖిలాలో గోల్ఫ్: గడ్డి కోస్తే పోయేదేం లేదు, మట్టి తవ్వితేనే నష్టం

కరీంనగర్, ఆదిలాబాద్ నుంచి పిల్లల్ని తీసుకుని గోల్కొండ చూడ్డానికి పోయే కుటుంబాల్లో చాలామంది బాలాహిసార్ ఎక్కి దిగి ఇంటికి మళ్లుతారు. నయా ఖిలా దాకా పోయేవాళ్లు తక్కువ. 1656లో మొఘల్ దాడి తర్వాత కోటకు మరింత బలం కోసం అబ్దుల్లా కుతుబ్‌షా కట్టించిన భాగం ఇది. ముల్లా ఖయాలీ మసీదు, ముస్తఫా ఖాన్ మసీదు, 'హాతియాఁ కా ఝాడ్' అని పిలిచే పెద్ద ఆఫ్రికా చెట్టు ఇక్కడే ఉన్నాయి. హైదరాబాద్ గోల్ఫ్ క్లబ్ మైదానం కూడా ఇక్కడే. గోల్కొండ మాస్టర్స్ అనే ప్రొఫెషనల్ టోర్నీ ఇందులోనే ఆడతారు.

టోర్నీకి ఏం మారుస్తారు?

మైదానంలో 18 హోల్స్ ఉంటాయి. ఒక్కోదానికి బంతి కొట్టడం మొదలుపెట్టే టీ, మధ్యలో ఫెయిర్‌వే, చివర జెండా పాతిన గ్రీన్. జెండా కింది గుంట వెడల్పు 4.25 అంగుళాలే. ప్రొఫెషనల్ టోర్నీ సాధారణంగా నాలుగు రోజులు, మొత్తం 72 హోల్స్.

సభ్యులు రోజూ ఆడే మైదానాన్నే అప్పుడు కఠినం చేస్తారు. టీని వెనక్కి జరిపి దూరం పెంచుతారు. గ్రీన్ మీది గడ్డిని సుమారు 3 మిల్లీమీటర్లకు కోసి రోలర్ తిప్పుతారు. ఇక బంతి గచ్చు మీద గోలీలాగా జారుతుంది. ఫెయిర్‌వే పక్కన గడ్డిని పెరగనిస్తారు. గుంట చోటు రోజూ మారుతుంది, ఒకరోజు నడిమధ్యన, ఇంకోరోజు ఇసుక బంకర్ పక్కన.

ఇదంతా కోత యంత్రంతో అయ్యే పని. టోర్నీ అయిపోతే మైదానాన్ని మళ్లీ పాత తీరుకు తేవచ్చు.

చిక్కు ఎక్కడ?

డిజైన్ మార్చడం వేరే సంగతి. కొత్త బంకర్, చెరువు, మట్టి దిబ్బ, పైపులైన్ ఏదైనా తవ్వకమే. నయా ఖిలాలో పురావస్తు శాఖ తవ్వితే కుతుబ్‌షాహీల కాలపు తోట, నీటి కాలువలు బయటపడ్డాయి. అంటే ఇక్కడ నేల కింద కూడా కోటే ఉంది. ఒక్కసారి జేసీబీ దిగిందంటే పోయింది తిరిగి రాదు. అందుకే రక్షిత ప్రాంతం హద్దు నుంచి 100 మీటర్ల దాకా కొత్త కట్టడాన్ని చట్టం నిషేధించింది. ఆ తర్వాతి 200 మీటర్లలో అనుమతి తప్పనిసరి.

కాబట్టి నయా ఖిలా గోల్ఫ్ మీద వార్త కనిపిస్తే రెండు ప్రశ్నలు అడగండి. ఏం తవ్వారు, ఎవరి అనుమతితో? మసీదుకి, ఆ చెట్టు దగ్గరికి జనం పోయే దారి తెరిచే ఉందా?