మన్యంలో ఒక ఆశ్రయపురం

మోషే ధర్మశాస్త్రం ప్రకారం ఇశ్రాయేలీయులు ఆరు ఆశ్రయపురాలను ప్రత్యేకించారు. పొరపాటున ఒకరి ప్రాణం తీసినవాడు పగ తీర్చుకునేవారి చేతికి చిక్కకుండా అక్కడికి పారిపోయి తలదాచుకోవచ్చు. పరదేశికి కూడా ఆ అవకాశం ఉంది. యొర్దానుకు పడమటనున్న మూడు పురాలు కెదెషు, షెకెము, హెబ్రోను. ఈ మూడూ మన్యంలోనివేనని యెహోషువ గ్రంథం చెబుతోంది. కొండమీది చోటు దూరానికి కూడా కనిపిస్తుంది. ప్రాణభయంతో పరుగెత్తేవాడికి దారి అడిగే తీరిక ఉండదు కదా!

ఫిలిప్పీన్స్‌లోని బాగియో కేథడ్రల్ చరిత్ర తెలుసుకుంటే మనకు ఆ ఆశ్రయపురాలే గుర్తుకొస్తాయి. లూజోన్ ద్వీపం ఉత్తర భాగంలో, సుమారు 1,500 మీటర్ల ఎత్తున ఉన్న చల్లని పట్టణం బాగియో. అమెరికా పాలకులు దాన్ని తమ వేసవి రాజధానిగా తీర్చిదిద్దారు. అక్కడ ఇబలోయ్ ఆదివాసులు 'కాంపో' అని పిలుచుకునే ఒక గుట్ట ఉండేది. 1907లో బెల్జియం నుంచి వచ్చిన కథోలిక మిషనరీలు ఆ గుట్టపై మిషన్ స్థాపించి, దానికి మౌంట్ మేరీ అని పేరు పెట్టారు. విచారణ గురువు ఫ్లోరిమండ్ కార్లు నాయకత్వంలో 1920లో ఆలయ నిర్మాణం మొదలైంది. 1936లో ప్రతిష్ఠ జరిగింది. జంట శిఖరాల ఆ ఆలయాన్ని చేరాలంటే వందకు పైగా రాతిమెట్లు ఎక్కాలి.

1941 డిసెంబరు 8, నిష్కళంక మాత పండుగ రోజున, బాగియోలోని క్యాంప్ జాన్ హే సైనిక స్థావరంపై జపాన్ విమానాలు బాంబులు వేశాయి. పట్టణం జపాన్ సైన్యం చేతిలోకి వెళ్ళింది. 1945 మార్చిలో ఆ సైన్యాన్ని తరిమేందుకు అమెరికా విమానాలు వచ్చాయి. మార్చి 15న బాంబుల వర్షం కురిసింది. విడిపించవలసినవారి బాంబులే ప్రజల ఇళ్ళమీద పడ్డాయి. జనం ఆ మెట్లెక్కి ఆలయంలోకి పరుగెత్తారు. ఆలయం తట్టుకుని నిలబడింది. వేలాదిమంది బ్రతికారు. ఆ దాడుల్లో మరణించిన ఎందరినో ఆలయ ఆవరణలోనే సమాధి చేశారు.

ఇక్కడ మనం జాగ్రత్తగా మాట్లాడాలి. లోపలున్నవారిని దేవుడు ప్రేమించాడు, బయటివారిని విడిచిపెట్టాడు అనకూడదు. సిలోయము గోపురం కూలి పద్దెనిమిదిమంది చనిపోయినప్పుడు వారు ఇతరులకన్నా పాపులు కారని యేసుప్రభువే స్పష్టం చేశాడు. బ్రతికినవారి స్తుతి, పోయినవారి కోసం కన్నీరు రెండూ ఒకే ఆవరణలో ఉండటమే ఆ ఆలయం చెప్పే సాక్ష్యం. 1945 సెప్టెంబరు 3న అదే క్యాంప్ జాన్ హేలో జపాన్ సేనాధిపతి యమషిత లొంగిపోయాడు. 2004లో బాగియో మేత్రాసనంగా ఏర్పడింది. నేటికీ భక్తులు ఆ మెట్లెక్కుతున్నారు.

ఆ ఆలయం 'అవర్ లేడీ ఆఫ్ ది అటోన్‌మెంట్' పేరిట ఉంది. అటోన్‌మెంట్ అంటే ప్రాయశ్చిత్తం, తెగిపోయినవారు సమాధానపడి ఏకం కావడం. మరియమాత విషయంలో క్రైస్తవ సంఘాల మధ్య భేదాలున్న మాట నిజమే. కానీ బాంబులు పడేవేళ పరుగెత్తి వచ్చినవాడిని 'నీదే సంఘం?' అని అడుగుతామా?

మనం ఆలయాలకు పాలరాయి వేస్తాం, ఎత్తయిన గోపురం కడతాం, ప్రతిష్ఠ పండుగ ఘనంగా చేస్తాం. ఆదివారం ఆరాధన ముగిశాక గేటుకు తాళం వేస్తాం. తుపాను రాత్రి ఇల్లు కూలినవాడు, భర్త తరిమేసిన ఇల్లాలు, అప్పులవాళ్ళకు భయపడి దాక్కునే రైతు మన మెట్లెక్కి వస్తే తలుపు తెరిచేవారున్నారా? పాపులమైన మనకు క్రీస్తు తన సిలువ దగ్గర ఆశ్రయమిచ్చాడు. ఆశ్రయం పొందినవారమే ఇతరులకు తలుపు మూసేస్తే, ఎంత ఎత్తున కట్టినా అది ఆలయం కాదు, ఉత్త కట్టడమే.