952 కోసం 23,850 దాకా ఎందుకు వెళ్లాడు?

ఈరోజు ఒకే ఒక్క లెక్క. పేపర్, పెన్ దగ్గర పెట్టుకోండి.

బ్రిటన్‌లో కౌంట్‌డౌన్ అని ఒక టీవీ షో ఉంది. 1982 నుంచి వస్తోంది. అందులో నంబర్ల రౌండ్‌లో ఆరు సంఖ్యలు ఇస్తారు, ఒక మూడంకెల టార్గెట్ ఇస్తారు. టైమ్ 30 సెకన్లు. కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం ఏదైనా చేయొచ్చు. కానీ ఒక్కో సంఖ్యను ఒక్కసారే వాడాలి, మధ్యలో ఎక్కడా భిన్నం రాకూడదు.

1997లో జేమ్స్ మార్టిన్ అనే పోటీదారుకి వచ్చిన సంఖ్యలు: 25, 50, 75, 100, 3, 6. టార్గెట్ 952. ఒక్కసారి వీడియో పాజ్ చేసి ట్రై చేయండి.

చేశారా? ఆయన ఏం చేశాడో చూడండి. 100కి 6 కలిపితే 106. దాన్ని 3తో గుణిస్తే 318. మళ్లీ 75తో గుణిస్తే 23,850! టార్గెట్ వెయ్యి కూడా లేదు, ఈయన ఇరవై మూడు వేలు దాటేశాడు. అందులోంచి 50 తీసేస్తే 23,800. 25తో భాగిస్తే... కరెక్ట్‌గా 952. ఆ క్లిప్‌లో బోర్డు మీద రాస్తున్న కారోల్ వోర్డర్‌మన్‌కే నవ్వొచ్చేస్తుంది.

చాలామంది దీన్ని చూసి "జీనియస్‌రా బాబూ" అని వదిలేస్తారు. నాకైతే అసలు ప్రశ్న వేరే: అంత పెద్ద సంఖ్య నిజంగా అవసరమా?

952 అంటే 954 మైనస్ 2. 954 అంటే 106 ఇంటూ 9. ఆ 9 ఎలా వస్తుంది? 75 ఇంటూ 3 బై 25. మరి 2? 50 బై 25. చిక్కు ఎక్కడుందో గమనించారా? 25 రెండుసార్లు కావాలి, మన దగ్గర ఉన్నది ఒక్కటే. అందుకే అన్నిటినీ 25 రెట్లు పెద్దగానే ఉంచి, చివర్లో ఒకేసారి భాగించాడు. భిన్నాలు కలిపేటప్పుడు హారం ఒక్కటే అయితే పైవి ముందు కలిపేసి, తర్వాత భాగిస్తాం కదా, అచ్చంగా అదే. ఈ దారిలో వెళ్తే పెద్ద సంఖ్య తప్పదు.

ఇప్పుడు ఇంకో దారి. 103 ఇంటూ 6 అంటే 618. దాన్ని 75తో గుణిస్తే 46,350. ఇది ఇంకా పెద్దది! 50తో భాగిస్తే 927, 25 కలిపితే 952. వచ్చేసింది. కానీ ఇక్కడ అంత పైకి ఎక్కక్కర్లేదు. 75 ఇంటూ 6 అంటే 450, దాన్ని ముందే 50తో కొట్టేస్తే 9. 9 ఇంటూ 103 అంటే 927. అయిపోయింది, నోటితోనే చేసేయొచ్చు.

కాబట్టి గుణకారం, భాగహారం మాత్రమే ఉంటే ముందు కొట్టేయండి. మధ్యలో కూడికో తీసివేతో ఉంటే ఆగి చూడండి, భాగహారం వాయిదా వేయాల్సి రావచ్చు. పోటీ పరీక్షల్లో సింప్లిఫికేషన్ లెక్కలకీ ఇంతే.

కోడింగ్ చేసేవాళ్లకి ఒక మాట. ఇలాంటి పజిల్స్‌కి నేనూ ఒక ప్రోగ్రామ్ రాశాను. స్పీడ్ కోసం "10,000 దాటితే వదిలెయ్" అని పెట్టాను. 952 అయితే వచ్చింది, రెండో దారిలో. మార్టిన్ దారి మాత్రం దానికి ఎప్పటికీ కనపడదు! ఆ లైన్ తీసేశాను.

సరే, ఇప్పుడు మీ వంతు. 25, 50, 75, 100, 4, 9. టార్గెట్ 333. క్లూ: 8,225 మీదుగా వెళ్లండి. మీ ఆన్సర్ కామెంట్‌లో పెట్టండి, స్టెప్స్‌తో సహా.