తుడిచే గుడ్డే గీతలు గీస్తుంది!

కాసిపేట, మందమర్రి, బెల్లంపల్లి ప్రాంతాల పిల్లలకు ధూళి అంటే ఏమిటో కొత్తగా చెప్పనక్కరలేదు. బొగ్గు లారీలు తిరిగే దారి పక్కన నిలిపిన కారు మీద చూస్తూండగానే నల్లని పొర పేరుకుంటుంది. ఆ పొర మీద వేలితో పేరు రాయడం మీకు సరదా. పొడిగుడ్డ తీసుకుని గబగబా తుడిచెయ్యడం పెద్దవాళ్ళ అలవాటు. నిజానికి ఈ రెండు పనుల ఫలితమూ ఒకటే. కారు రంగు మీద గీతలు పడతాయి! ఎందుకో చూద్దాం.

కాగితమంత మందం

కారుకు వేసిన రంగు ఒకే పొర కాదు. ఇనుప రేకు తుప్పు పట్టకుండా అడుగున ఒక పొర, దాని మీద ప్రైమరు, ఆపైన అసలు రంగు, అన్నిటికీ పైన గాజులా మెరిసే పారదర్శకమైన పూత ఉంటాయి. ఇన్ని పొరలూ కలిసి సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు మాత్రమే! మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మీ నోటు పుస్తకంలోని ఒక కాగితం మందం ఇంచుమించు 100 మైక్రాన్లు ఉంటుంది. పై పూత ఒక్కటే అయితే 40, 50 మైక్రాన్లు. మన తల వెంట్రుక సాధారణంగా దానికన్నా మందంగా ఉంటుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాల నుంచి రంగును కాపాడేది ఈ పలుచని పూతే.

మెత్తని బొగ్గు, గట్టి ఇసుక

పదార్థాల కాఠిన్యాన్ని పోల్చడానికి 1812లో ఫ్రెడరిక్ మోస్ అనే శాస్త్రవేత్త ఒక కొలబద్ద తయారుచేశాడు. అందులో అన్నిటికన్నా మెత్తనైన టాల్కుకు 1, అన్నిటికన్నా గట్టిదైన వజ్రానికి 10. మన గోరు సుమారు 2.5. కిటికీ గాజు సుమారు 5.5. ఇసుకలో ఉండే క్వార్ట్జ్ 7.

బొగ్గు మెత్తనిదే. కాని గోదావరి లోయలో బొగ్గు పొరలకు పైనా కిందా ఉన్నది ఇసుకరాయి. దారి మీద లేచే దుమ్ములో బొగ్గుతోపాటు ఆ ఇసుక రేణువులూ ఉంటాయి. గాజునే గీయగల క్వార్ట్జ్‌కు కారు పూత ఒక లెక్కా? ధూళి ఉన్న చోట పొడిగుడ్డతో రుద్దితే ఆ గుడ్డే గరుకు కాగితం అయిపోతుంది!

కావాలంటే పరీక్షించండి. పనికిరాని సీడీ ఒకటి తీసుకోండి. మెరిసే వైపు చిటికెడు వీధి దుమ్ము చల్లి, ఒక సగాన్ని పొడిగుడ్డతో రుద్దండి. రెండో సగం మీద ముందు నీళ్ళు ధారగా పోసి, దుమ్మంతా కొట్టుకుపోయాక తడిగుడ్డతో మెల్లగా తుడవండి. ఇప్పుడు దీపం కింద ఏటవాలుగా పట్టి చూడండి. తేడా మీకే తెలుస్తుంది.

గీతను పోగొట్టేవి గీతలే

గీత ఎందుకు కనిపిస్తుంది? దాని అంచుల దగ్గర వెలుతురు చెదిరిపోతుంది కనుక. అందుకే రంగులు వేసే షెడ్డులో మేస్త్రి గీత చుట్టూ ఉన్న పూతను దాని అడుగు మట్టం దాకా పలుచన చేస్తాడు. ఆ పనికి వాడేదే వాటర్ పేపరు. దాని వెనుక ఉన్న అంకె పెరిగే కొద్దీ రేణువు చిన్నదవుతుంది. 400 నంబరు కాగితంలో రేణువు సుమారు 35 మైక్రాన్లు, 2000 నంబరులో సుమారు 10. పెద్ద గీతను చిన్న గీతలుగా, వాటిని ఇంకా చిన్న గీతలుగా మార్చి, చివరకు పాలిష్‌తో కంటికి ఆనకుండా చేస్తారు. కాని ప్రతిసారీ పూత కొంత అరిగిపోతుంది. గోరు తట్టుకునేంత లోతు గీత అయితే అరగదీయడం కన్నా మళ్ళీ రంగు వేయడమే మేలు.

ఈ కాగితం మీది నల్లని రేణువులు సిలికాన్ కార్బైడు. ఇసుకనూ కోకునూ కలిపి విద్యుత్ కొలిమిలో వేడిచేస్తే అది తయారవుతుంది. 1890ల తొలినాళ్ళలో అమెరికాలో ఎడ్వర్డ్ ఆచెసన్ దీన్ని తయారుచేశాడు. చూశారా! మెత్తని బొగ్గు నుంచి వచ్చే కోకు, ఇసుకతో కలిసి దాదాపు వజ్రానికి దగ్గరగా వచ్చే గట్టిదనాన్ని సంపాదించుకుంది.

నీళ్ళు కాపాడిన ఊపిరి

ఒకప్పుడు గరుకు కాగితాన్ని పొడిగానే వాడేవారు. తడిస్తే జిగురు ఊడిపోయేది. ఆనాటి రంగుల్లో సీసం ఉండేది. కార్ల కర్మాగారాల్లో రంగు అరగదీసే పనివాళ్ళు ఆ ధూళిని పీల్చి సీసపు విషంతో జబ్బుపడేవారు. ఫ్రాన్సిస్ ఓకీ అనే సిరా తయారీదారు తడిసినా చెడని కాగితాన్ని రూపొందించాడు. అమెరికాలోని 3ఎం కంపెనీ 1921లో దాన్ని మార్కెట్టులోకి తెచ్చింది. నీళ్ళతో రుద్దితే ధూళి గాలిలోకి లేవదు. రంగూ నున్నగా వస్తుంది, మనిషి ఊపిరీ నిలుస్తుంది!

బొగ్గు గనుల్లోనూ ఇదే సూత్రం. దారుల మీదా, బొగ్గు మీదా నీళ్ళు చల్లుతారు. రాతికి రంధ్రం వేసేటప్పుడు నీళ్ళు పెడతారు. 5 మైక్రాన్లకన్నా చిన్న రేణువులు ఊపిరితిత్తుల లోలోపలి గాలి తిత్తుల దాకా చేరతాయి. సిలికా ధూళి అక్కడ చేరితే సిలికోసిస్ వస్తుంది. ఆ జబ్బును పూర్తిగా నయం చేసే మందు లేదు.

మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం పది లక్షల పాళ్ళలో 90 పాళ్ళు మించరాదని 2016లో నిబంధన చేశారు. అది ఇంటి రంగులకే. పాత లారీల మీది పసుపు పూతల్లో ఇంకా సీసం ఉండవచ్చు. అందువల్ల పాత రంగును ఎప్పుడూ పొడిగా అరగదీయకూడదు.

ఏం చెయ్యాలి?

కారు కడిగేటప్పుడు ముందు నీళ్ళు, తరువాతే గుడ్డ. నీడలో నిలిపి, పైనుంచి కిందికి ధార పొయ్యాలి. సబ్బునీళ్ళకు ఒక బకెట్టు, గుడ్డ జాడించడానికి మరొకటి ఉండాలి. ఆరాక పలుచగా మైనం పూస్తే ధూళి అంతగా అంటుకోదు.

దేవాపూర్ వంటి సిమెంటు కర్మాగారమున్న చోట మరో జాగ్రత్త అవసరం. కొద్దిపాటి తడి తగిలితే సిమెంటు ధూళి రంగు మీదే గట్టిపడుతుంది. దానిలోని క్షారం పూతను తినేస్తుంది. కాబట్టి మంచు పడకముందే ధారాళంగా నీళ్ళు పోసి కడగాలి.

రంగు అరగదీయడం పిల్లల పని కాదు. కాని మీ ఇంట్లో ఎవరైనా ఆ పని చేస్తుంటే ఈ మాటలు చెప్పండి. ముక్కుకు ఎన్-95 మాస్కు కట్టుకోవాలి. అరిగిన బురద ఎండితే మళ్ళీ ధూళే అవుతుంది కనుక తడిగా ఉండగానే గుడ్డతో ఎత్తెయ్యాలి, చీపురుతో ఊడవకూడదు. చేతులు కడుక్కోకుండా తినరాదు. పని బట్టలు విడిగా ఉతకాలి. రంగు స్ప్రే చేసేటప్పుడు ఆ మాస్కు కూడా చాలదు. అది ధూళిని ఆపుతుంది గాని ఆవిరులను ఆపదు. వాటికి వేరే పరికరం కావాలి.

కారుకు గీత పడితే మళ్ళీ రంగు వెయ్యవచ్చు. ఊపిరితిత్తులకు వేసే రంగు మాత్రం ఏ షెడ్డులోనూ దొరకదు!