కుదుపులే బట్టలుతికితే...

1960లో అమెరికన్ నవలాకారుడు జాన్ స్టైన్‌బెక్ ఓ జీఎంసీ ట్రక్కు వెనక మంచం, పొయ్యి ఉన్న చిన్న గది బిగించుకుని దేశం చూడ్డానికి బయల్దేరాడు. తోడు చార్లీ అనే కుక్క. బండికి డాన్ క్విక్సోట్ గుర్రం పేరు పెట్టుకున్నాడు: రోసినాంటే. బండి కుదుపులకు చెత్తడబ్బా పడిపోకుండా దాన్ని బట్టల అలమరలోని కర్రకు సాగే తాడుతో వేలాడదీశాడు. రోజంతా డబ్బా ఊగుతూనే ఉంది. తీరా మూత తీసి చూస్తే, లోపలి చెత్తంతా కవ్వంతో చిలికినట్టు కలిసిపోయి ఉంది. ఆయన విసుక్కోలేదు. డబ్బా శుభ్రంగా కడిగి, మాసిన చొక్కాలు, మేజోళ్లు అందులో వేసి, వేడినీళ్లూ సబ్బుపొడీ పోసి, మూతపెట్టి మళ్లీ అక్కడే కట్టాడు. పగలంతా బండి నడిపి, రాత్రికి బట్టలు తీసి ఏటి నీళ్లలో జాడించుకున్నాడు. కరెంటు లేదు, మోటారు లేదు. ఉతికిపెట్టింది గతుకుల రోడ్డు!

ఆ ప్రయాణం 1962లో ‘ట్రావెల్స్ విత్ చార్లీ’ పుస్తకమైంది. అదే ఏడాది ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ డబ్బాకు ఏ బహుమతీ రాలేదు గానీ, దాని వారసులు మాత్రం అమెరికా రోడ్ల మీద ఇప్పటికీ తిరుగుతూనే ఉన్నారు.

అక్కడ ఇలాంటి బండ్లను ‘రిక్రియేషనల్ వెహికల్’ అంటారు, ముద్దుగా ఆర్‌వీ. బస్సంత మోటార్‌హోమ్ కావచ్చు, కారు వెనక తగిలించే ట్రైలర్ కావచ్చు. మంచం, వంటిల్లు, ఫ్రిజ్, స్నానాల గది అన్నీ ఉంటాయి. లేనిదల్లా సమృద్ధి. ఇంట్లో కుళాయి తిప్పితే నీళ్లు ఎక్కణ్నుంచి వస్తాయో, తూములోకి వెళ్లినవి ఏమవుతాయో ఎవరూ ఆలోచించరు. ఆర్‌వీలో ప్రతిదానికీ ఒక ట్యాంకు, ఒక బ్యాటరీ, ఒక హద్దు. పైగా ఆ ఇల్లు ఊగుతుంది, ఒరుగుతుంది, ఎండలో మాడుతుంది. ఇన్నేళ్లుగా ఆర్‌వీ జనం సొంత చేతులతో చేసుకుంటున్న పనిముట్లలో కాలపరీక్షకు నిలిచినవాటిని చూస్తే ఒక పోలిక కనిపిస్తుంది. అవి ఇబ్బందితో కుస్తీ పట్టవు. స్టైన్‌బెక్ కుదుపుకు పని చెప్పినట్టు, ఆ ఇబ్బందికే ఏదో ఒక పని అప్పజెబుతాయి.

భార్య పట్టుదల, భర్త పనితనం

అసలు ఈ బండ్ల పుట్టుకలోనే సొంత తయారీ ఉంది. వెండిలా మెరిసే ‘ఎయిర్‌స్ట్రీమ్’ ట్రైలర్ల సృష్టికర్త వాలీ బయామ్ కథే తీసుకోండి. ఆయనకు ఆరుబయట గుడారం వేసుకోవడం ఇష్టం. భార్య మారియన్‌కు వంటిల్లు లేకుండా గడప దాటడం ఇష్టం లేదు. ఆయన ఫోర్డ్ మోడల్-టి కారు చట్రం మీద మొదట గుడారం కట్టి చూశాడు. అది కుదరక గట్టి కప్పుతో, ఐస్‌పెట్టె, కిరోసిన్ స్టవ్‌తో ఓ చిన్న గదే నిర్మించాడు. దాన్నెలా కట్టుకోవాలో ఓ పత్రికలో రాశాక నమూనా చిత్రాలు అడిగేవాళ్లు పెరిగారు, తర్వాత బండ్లే అడిగారు. అల్యూమినియం ఒంటితో ‘క్లిప్పర్’ 1936లో బయటికొచ్చింది. ఈ పరిశ్రమకు ఇప్పుడు గుండెకాయ ఇండియానా రాష్ట్రంలోని ఎల్క్‌హార్ట్. కానీ ఫ్యాక్టరీ నుంచి ఎంత హంగుగా వచ్చిన బండికైనా, కొన్న వారంలోనే యజమాని ఏదో ఒకటి తగిలించడం మొదలుపెడతాడు.

సమంగా నిలబెట్టడం

బండి ఆపగానే మొదటి పని దాన్ని సమంగా నిలబెట్టడం. నిద్రలో దొర్లిపడకుండా ఉండటానికే కాదు, ఫ్రిజ్ కోసం కూడా. చాలా ఆర్‌వీల్లో ఉండే ‘అబ్సార్ప్షన్’ ఫ్రిజ్‌కు కంప్రెసర్ ఉండదు. గ్యాస్ మంట గానీ కరెంటు గానీ అమోనియా ద్రావణాన్ని వేడిచేస్తే, లోపలి ద్రవం తన బరువుతో తానే కిందికి పారుతూ చల్లదనాన్ని పుట్టిస్తుంది. బండి బాగా ఒరిగి ఉంటే ద్రవం గొట్టాల్లో ఒకచోట నిలిచిపోతుంది, వేడెక్కాల్సిన భాగం మితిమీరి వేడెక్కుతుంది. అలా ఎక్కువసేపు నడిస్తే ఫ్రిజ్ శాశ్వతంగా పాడవుతుంది.

దీనికి దుకాణాల్లో ప్లాస్టిక్ దిమ్మెలు దొరుకుతాయి. చేయి తిరిగినవాళ్లు మాత్రం చెక్కలు కోసుకుంటారు. అక్కడ ‘రెండంగుళాల’ పలకగా అమ్మేది నిజానికి ఒకటిన్నర అంగుళమే. పొడవూ, మధ్యస్థం, పొట్టీగా మూడు పలకలను మెట్లలా పేర్చి బిగించి, అంచులు ఏటవాలుగా చెక్కితే చక్రాన్ని నాలుగున్నర అంగుళాల దాకా ఎక్కించే దిమ్మె తయారు. రెండో వైపు చక్రాలకు అడ్డుకట్టలు తప్పనిసరి. ఇక మట్టం చూడటానికి, మన తాపీమేస్త్రీలు పునాది మీద పట్టే నీళ్ల గొట్టాన్ని మించింది లేదు. పారదర్శకమైన గొట్టంలో రంగునీళ్లు పోసి రెండు చివరలూ బండికి ఇరువైపులా పట్టుకుంటే, ఎటు ఎంత ఎత్తాలో స్కేలు పెట్టి కొలుచుకోవచ్చు.

ఎండకు పని చెప్పడం

అరిజోనా ఎడారిలో క్వార్ట్‌సైట్ అనే చిన్న ఊరుంది. చలికాలం వస్తే దాని చుట్టూ ఉన్న ప్రభుత్వ భూములు ఆర్‌వీలతో నిండిపోతాయి. సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 దాకా ఒక్క పర్మిట్‌తో మకాం వేయొచ్చు. కరెంటు స్తంభం, నీళ్ల కుళాయి లేకుండా ఇలా ఉండటాన్ని ‘బూన్‌డాకింగ్’ అంటారు. ఇంట్లో చేసుకున్న పనిముట్ల అసలు పరీక్ష ఇక్కడే.

నల్ల రంగు వేసిన నాలుగంగుళాల ప్లాస్టిక్ పైపును చాలా బండ్ల పైకప్పు మీద చూడొచ్చు. ఐదడుగుల పైపులో దాదాపు 12 లీటర్ల నీళ్లు పడతాయి. పొద్దున నింపితే సాయంత్రానికి వేడినీళ్లు సిద్ధం. గాలి పంపుతో పైపులో ఒత్తిడి పెంచి షవర్‌లా వాడేవాళ్లూ ఉన్నారు. కానీ ఎండకు మెత్తబడిన ప్లాస్టిక్‌లో గాలి బిగిస్తే పగిలే ప్రమాదం ఉంది. ఎత్తు నుంచి దానంతటదే కారనివ్వడమే క్షేమం. ఒంటి మీద పోసుకునే ముందు చన్నీళ్లు కలపడం మరవకూడదు.

ఫ్రిజ్ వెనక పెట్టే ఫ్యాన్ ఇంకా చిన్న యుక్తి. ఫ్రిజ్ వేడిగాలి కింది జాలీ నుంచి పైకి ఎగబాకి బయటికి పోవాలి. ఎండ ముదిరితే ఆ ప్రవాహం మందగించి లోపల పాలు విరుగుతాయి. పాత కంప్యూటర్లోంచి తీసిన ఫ్యాన్‌ను అక్కడ బిగిస్తే గాలి పరుగందుకుంటుంది. కంప్యూటర్ ఫ్యాను నడిచేదీ 12 వోల్టుల మీదే, ఆర్‌వీ బ్యాటరీ ఇచ్చేదీ 12 వోల్టులే. రెండున్నర వాట్ల ఫ్యాను రోజంతా తిరిగినా ఖర్చు 60 వాట్-అవర్లు. వంద ఆంపియర్-అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీని సగం మించి వాడకూడదనే లెక్కన చూసినా, 600 వాట్-అవర్లలో అది పదోవంతే.

బకెట్టు గోడలకు రంధ్రాలు చేసి, లోపల తడి మెత్త చుట్టి, మూతకు చిన్న ఫ్యాన్ బిగించే కూలర్ కూడా ఇక్కడ బాగా పనిచేస్తుంది. వేసవిలో వట్టివేళ్ల తడికెలకు నీళ్లు చల్లిన ఇళ్లలో పెరిగినవాళ్లకు దీని కిటుకు విప్పి చెప్పక్కర్లేదు. గాలి ఎంత పొడిగా ఉంటే అంత చల్లదనం. అదే బకెట్టును ఫ్లోరిడా తీరానికి తీసుకెళ్తే ఉక్కపోత పెంచడం తప్ప ఏమీ చేయలేదు, కడపలో హాయినిచ్చిన కూలర్ విశాఖలో చేతులెత్తేసినట్టే.

కిటికీలకు వెండి రేకు అంటించిన బుడగల షీటును కొలతకు కత్తిరించి ఇరికిస్తారు. పగలు ఎండను వెనక్కి తిప్పికొడుతుంది, రాత్రి లోపలి వేడిని కొంత ఆపుతుంది. కత్తెర, టేపు ఉంటే చాలు.

చెంబు స్నానం గొప్ప

ఆర్‌వీలో నీళ్ల లెక్క కొత్తవాళ్లను బెదరగొడుతుంది. నలభై గ్యాలన్ల ట్యాంకు అంటే సుమారు 150 లీటర్లు. అమెరికాలో మామూలు షవర్‌కు చట్టం అనుమతించే గరిష్ఠ ప్రవాహం నిమిషానికి రెండున్నర గ్యాలన్లు. ఆ ధారతో పదహారు నిమిషాల్లో ట్యాంకు ఖాళీ! అందుకే ‘నేవీ షవర్’ అలవాటైంది. ఒళ్లు తడుపుకొని, కుళాయి కట్టేసి, సబ్బు రుద్దుకొని, మళ్లీ విప్పి కడుక్కోవాలి. వేడినీళ్లు వచ్చేదాకా వృథాగా పోయే చన్నీళ్లను గిన్నెలో పట్టి టాయిలెట్‌కు వాడతారు. ఇక బకెట్టూ చెంబుతో పెరిగిన మనవాళ్లకు ఇందులో కొత్తగా నేర్చుకోవాల్సింది తక్కువే.

వాడిన నీళ్లది ఇంకో లెక్క. సింకు, స్నానం నీళ్లు ‘గ్రే’ ట్యాంకులోకి, టాయిలెట్‌వి ‘బ్లాక్’ ట్యాంకులోకి వెళ్తాయి. డంప్ స్టేషన్‌లో ముందు బ్లాక్ వదిలి, తర్వాత గ్రే వదిలితే సబ్బునీళ్లే గొట్టాన్ని కడిగిపెడతాయి. పైసా ఖర్చులేని ఉపాయం. బ్లాక్ ట్యాంకు వాల్వును ఎప్పుడూ తెరిచి ఉంచితే మాత్రం నీళ్లు జారిపోయి గట్టిది పుట్టలా పేరుకుంటుంది. మురుగు గొట్టం ఏటవాలుగా ఉండటానికి ఇంటి చూరుకు పెట్టే వాననీటి కాలువ ముక్కను దాని కింద పరుస్తారు. టాయిలెట్ కాగితం కరుగుతుందో లేదో చూడటానికి మూత ఉన్న సీసాలో నీళ్లు పోసి, ఒక ముక్క వేసి కుదుపుతారు. విడిపోతే మంచిది, ఉండలా మిగిలితే వద్దు.

ట్యాంకులో ఐసుముక్కలు వేసి బండి నడిపితే గోడలు తోమినట్టు శుభ్రమవుతాయన్న చిట్కా కూడా ప్రచారంలో ఉంది. వినడానికి స్టైన్‌బెక్ డబ్బాలాగే ఉంటుంది. కానీ ఐసు తేలుతుంది, పేరుకున్నది అడుగున ఉంటుంది. తోమేలోపే కరిగిపోతుంది కూడా.

ఎల్లోస్టోన్‌లో కుక్కర్ విజిల్

సెలవులకు ఆర్‌వీ అద్దెకు తీసుకునే అమెరికా తెలుగు కుటుంబాలకు వేరే సమస్యలుంటాయి. ఎల్లోస్టోన్ సరస్సు సముద్రమట్టానికి 7,700 అడుగులకు పైన ఉంది. ఆ ఎత్తులో నీళ్లు 92, 93 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరుగుతాయి. గిన్నెలో పెట్టిన కందిపప్పు గంట గడిచినా పలుకు మీదే ఉంటుంది. బట్టలు సర్దేటప్పుడు ‘అంత దూరం కుక్కరెందుకు’ అని సణిగినవాళ్లు అక్కడ నోరు మెదపరు. ఒత్తిడి పెంచి మరిగే వేడిని పైకి తేవడమే కుక్కర్ పని. గ్యాసూ ఆదా, నీళ్లూ ఆదా. పోపుల డబ్బాకు గట్టి మూత ఉంటే చాలు, మలుపుల్లో ఆవాలు చిందవు. పళ్లేలు, గిన్నెలు గలగలలాడకుండా అలమరలో జారని రబ్బరు జాలీ పరిచి, ఫ్రిజ్‌లో స్ప్రింగు ఉన్న కర్టెన్ కడ్డీని అడ్డంగా బిగిస్తే సరి.

తాలింపు వాసన చిన్న బండిలో రోజుల తరబడి వదలదు కాబట్టి చాలామంది పొయ్యి బయట పెడతారు. ఎల్లోస్టోన్‌లో అలా వండితే గరిటె సహా అన్నీ వెంటనే లోపల పెట్టేయాలి, అది ఎలుగుబంట్ల రాజ్యం. ఆ పార్కులోని ఫిషింగ్ బ్రిడ్జ్ ఆర్‌వీ పార్కులో గట్టి గోడల బండ్లనే రానిస్తారు, గుడారాలకు ప్రవేశం లేదు.

చేయకూడని సొంత వైద్యం

కరెంటుతో మాత్రం ప్రయోగాలు వద్దు. 30 ఆంపియర్ల కనెక్షన్ అంటే 120 వోల్టుల మీద 3,600 వాట్లు. ఏసీ, మైక్రోవేవ్ కలిస్తేనే మూడు వేలు దాటొచ్చు. హెయిర్ డ్రయర్ పెట్టగానే బ్రేకర్ పడిపోతుంది. పడిపోవడమే దాని ఉద్యోగం. దాన్ని తప్పించేందుకు పెద్ద ఫ్యూజు వేస్తే వేడెక్కేది గోడలోని వైరే. ఇంటి దగ్గర ఆర్‌వీకి ప్లగ్గు పెట్టించుకునేటప్పుడు జరిగే పొరపాటు మరొకటుంది. 30 ఆంపియర్ల ప్లగ్గు చూడ్డానికి బట్టలారబెట్టే యంత్రం ప్లగ్గులా ఉంటుంది. అనుభవం లేని ఎలక్ట్రీషియన్ 240 వోల్టులు ఇచ్చేస్తే, బండిలోని కరెంటు సామాన్లు ఒక్కసారిగా కాలిపోవచ్చు.

చలికి తట్టుకోలేక వంట పొయ్యి వెలిగించి పడుకోవడం ఇంకా ప్రమాదం. వాసన, రంగు లేని కార్బన్ మోనాక్సైడ్ నిద్రలోనే ప్రాణం తీస్తుంది. జనరేటర్ ఏ కిటికీకైనా ఇరవై అడుగుల దూరంలో ఉండాలి. ప్రొపేన్ గాలి కన్నా బరువు కాబట్టి గ్యాసు అలారం నేలకు దగ్గరగా బిగించి ఉంటుంది. కాలికి తగులుతోందని దాన్ని పీకి పైన పెట్టేవాళ్లు అది ఎందుకు అక్కడుందో తెలియనివాళ్లే.

బయల్దేరే రోజు మర్చిపోయేవి ఎక్కువ. పైకెత్తిన టీవీ యాంటెన్నా, మడవని మెట్టు, పీకని కరెంటు తీగ. దీనికి పాతకాపులు వాడే పరికరం ఒకటే. బండి నిలపగానే ఒక క్లిప్పు తెచ్చి స్టీరింగుకు తగిలిస్తారు. వెళ్లేటప్పుడు అది చేతికి అడ్డొస్తుంది. దిగి, బండి చుట్టూ తిరిగి, యాంటెన్నా దించి, మెట్టు మడిచి వచ్చాకే దాన్ని తీసి తాళం తిప్పుతారు. అది తీగ మీద బట్టలు ఆరేసుకునే మామూలు క్లిప్పే.